ఊళ్ళోకి కుర్చీ వచ్చిన ఏడు

ఆ కుర్చీ నరసరావుపేట బస్సు టాపు మీద, రెండు ఖాళీ గోతాల కట్టల మధ్య దర్జాగా కూర్చుని మా ఊరొచ్చింది. అరవైల చివరి రోజులవి. సాగర్ నీళ్ళు మా వైపు కాలవల్లోకి రావడం అప్పుడప్పుడే మొదలైంది. ఊళ్ళోకి కొత్తగా ఏది వచ్చినా గట్టున నిలబడి చూడటం జనానికి అలవాటైపోయింది. కుర్చీని కూడా అలాగే చూశారు. ఇనప కాళ్ళు, నల్ల రెగ్జిన్ సీటు, తల ఆనించుకోవడానికి వెనకాల చిన్న దిండు. తోస్తే గుండ్రంగా తిరుగుతుంది.

బస్సు ఆగే చోట సోడా కొట్టు అరుగు మీద చుట్ట కాలుస్తున్న పెద్దాయన ఒకాయన అడిగాడు.

"ఊళ్ళోకి పళ్ళ డాక్టరు గాని వస్తన్నాడా ఏంది?"

"డాక్టరు కాదు బాబాయ్. మన మంగలి కొడుకు. గుంటూరులో పని నేర్చుకొచ్చాడంట. కొట్టు పెడతాడంట."

"కొట్టెందుకు? మన ఇళ్ళు లేవా?"

ఆ ఏడాది మా ఊళ్ళో జరిగిన గొడవంతా ఆ ఆఖరి ప్రశ్నలోనే ఉంది. అప్పుడు మాకు తెలియలేదు.

మా వైపు క్షవరం ఇంటికే వచ్చేది. మంగలి మామ మా నాయన కంటే వయసులో పెద్ద. నాయన ఆయన్ని "ఒరేయ్" అనేవాడు, నేను "మామా" అనేవాణ్ణి, ఆయన మా ఇద్దరినీ "అయ్యా" అనేవాడు. వయసుల లెక్క తప్పినా వరసల లెక్క మాత్రం ఎవరికీ తప్పేది కాదు. ఆయన పొద్దున్నే కత్తులూ కత్తెరలూ ఉన్న తోలు పొది చంకన పెట్టుకుని మా గొడ్లచావిడి దగ్గరికి వచ్చేవాడు. పీట వేస్తే ముందు నాయనకు గెడ్డం, ఆ తర్వాత మా అన్నదమ్ములకు వరసగా జుట్టు. చేతికి డబ్బులిచ్చేది లేదు. పంట నూర్చినప్పుడు కల్లంలోనే ఆయనకు మేర కింద జొన్నలు కొలిచేవాళ్ళు. కొలిచేది నాయన కాబట్టి మా తలలు కూడా నాయనవే. ఎంత తియ్యాలో ఎంత ఉంచాలో కత్తెర మమ్మల్ని అడిగేది కాదు. నాయన మంచం మీద నుంచే చెప్పేవాడు.

"మెషినెయ్యి. చెవుల పైదాకా రావాల."

పొలంలో పైరు ఏపుగా ఎదిగితే నాయనకు సంతోషం, నా నెత్తిన పైరు వేలెడు ఎదిగితే కోపం. రెండింటినీ ఇంగ్లీషులో క్రాపు అనే అంటారని, ఒకదానికి ఎరువు వేసి రెండోదానికి కొడవలి పెట్టడం అన్యాయమని కాలేజీలో చేరిన కొత్తలో ఒకసారి వాదించాను. ఆ వాదన ఫలితంగా ఆ నెల మెషిను ఇంకో రెండు వేళ్ళు పైకెక్కింది.

అయితే ఆ పొది ఊరంతా తిరిగేది గానీ పల్లెకు వెళ్ళేది కాదు. మా వైపు ఊరు వేరు, పల్లె వేరు. మధ్యలో చిన్న వాగు. వాగు అవతల చర్చి, చర్చి చుట్టూ మా పొలాల్లో పనిచేసే మాలమాదిగల ఇళ్ళు. పల్లెవాళ్ళ తల తాకిన చేత్తో ఊరివాళ్ళ తల తాకకూడదని కట్టుబాటు. అందుకని పల్లెలో జుట్లు ఒకరివొకరు కత్తిరించుకునేవాళ్ళు. ఇదంతా చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి, ఎండ కాస్తుంది, వాన పడుతుంది అన్నంత మామూలుగా నా కళ్ళ ముందే జరుగుతూ ఉండేది.

పల్లెలో మిషన్ బడి మాస్టారి అబ్బాయీ నేనూ ఒకే బస్సులో పేట కాలేజీకి వెళ్ళేవాళ్ళం. బస్సులో ఒకే సీటు, క్లాసులో ఒకే బెంచీ. సాయంత్రం ఊళ్ళో బస్సు దిగగానే వాడు వాగు వైపు, నేను ఊరి వైపు. మేమిద్దరం, ఇంకో ముగ్గురం కలిసి రెండో ఏడాదిలో ఒట్టు పెట్టుకున్నాం, ఇక జుట్టుకు కత్తెర తగలనివ్వమని. ఎందుకని అడిగితే ఇప్పటికీ ఒక్క ముక్కలో చెప్పలేను. దేశం కాని దేశంలో కుర్రాళ్ళు జుట్లు పెంచుకుని యుద్ధాలు వద్దంటున్నారని పేపర్లో చదివాం. వద్దనడానికి మాకు యుద్ధాలు లేవు, నాయనలున్నారు.

జుట్టు కాలరు మీదికి దిగింది. దానికి తోడు గొట్టం ప్యాంట్లు. అవి తొడుక్కోవడానికి ఒకరు సాయం పట్టాలి, తొడుక్కున్నాక కింద కూర్చోకూడదు. ఊళ్ళో మాకు బొచ్చు పార్టీ అని పేరు పెట్టారు. ఎన్నికల్లో నిలబడని పార్టీ మాది. ప్యాంట్ల మూలంగా నిలబడటం తప్ప వేరే దారి లేని పార్టీ కూడా. అమ్మ ఏడ్చింది. పెంచితే పెంచావు, నూనైనా రాసుకోరా అని బతిమాలింది. నాయన భోజనాల దగ్గర, "జడ ఎప్పుడేసుకుంటావురా, పూలు తెప్పిస్తా," అనేవాడు. మాస్టారి అబ్బాయి కష్టం ఇంకా పెద్దది. వాళ్ళ నాన్న తిడుతుంటే వాడు గోడ మీది ఏసుప్రభువు పటం చూపించి, ఆయనకు లేదా అన్నాడట. మాస్టారికి జవాబు దొరకలేదు, బెత్తం దొరికింది.

ఇదీ ఊరి పరిస్థితి, కుర్చీ దిగిన రోజుకి.

మంగలి మామ కొడుకు మా కంటే మూడు నాలుగేళ్ళు పెద్ద. మామ కొడుకు కాబట్టి బావ. గుంటూరులో ఒక సెలూన్లో పనిచేసి, అక్కడ మూలన పడి ఉన్న కుర్చీని బాగు చేయించుకుని తెచ్చుకున్నాడు. సైకిళ్ళు అద్దెకిచ్చే సాయిబు తన కొట్టు వసారాలో సగం వాడుకోమన్నాడు. నిలువుటద్దం ఒకటి, బెంచీ ఒకటి వేశాడు. అంతా అయ్యాక బజారులో ఎదురైన ప్రతివాడితో ఒకటే మాట చెప్పాడు.

"ఇక పొది పట్టుకొని ఇళ్ళ కాడికి రాను. కొట్టు కాడికి రండి. ఎవరైనా రావచ్చు."

కొట్టు పెట్టడాన్ని పెద్దలు ఎలాగో మింగేవాళ్ళే. ఆ "ఎవరైనా" గొంతులో అడ్డం పడింది. ఎవరైనా అంటే ఎవరని అడిగారు. ఎవరైనా అంటే ఎవరైనానే అన్నాడు బావ. అప్పుడు తేల్చి చెప్పారు: పల్లెవాడు ఆ కుర్చీ ఎక్కితే ఊరివాడు ఎక్కడు. ఊరు ఎక్కని కొట్టు ఊళ్ళో ఉండదు. అప్పుడు నువ్వు మళ్ళీ పొది పట్టుకొని మా చావిళ్ళకు రావాల్సిందే.

కుర్చీ నిలిస్తే బావ ఒక కొట్టుకు యజమాని. నిలవకపోతే వాళ్ళ నాన్నలాగే ఊరందరి వాకిళ్ళలో వంగి నిలబడే మనిషి. బావ మొండివాడు గానీ భయం లేనివాడు కాదు. మొదటి రోజులు ఎవరూ రాలేదు. తన కుర్చీలో తనే కూర్చుని, పేపరు చదువుతున్నట్టు పట్టుకుని, రోడ్డు చూసేవాడు.

మొదట కూర్చున్నది మాస్టారి అబ్బాయి. ఒక పొద్దున బస్సుకు ముందే వచ్చి, మాతో ఒక్క మాట చెప్పకుండా కుర్చీ ఎక్కి, మెడ మీది జుట్టంతా తీయించుకున్నాడు. బస్సులో నా పక్కన కూర్చున్నప్పుడు వాడి మెడ తెల్లగా, ఎవరిదో మెడలాగా ఉంది.

"ఒట్టు ఏమైందిరా?" అన్నాను.

"ఒట్టు నెత్తి మీద పెట్టుకున్నాంగా. జుట్టుతో పాటే పోయింది," అన్నాడు వాడు.

ఊరు అనుకున్నంతా చేసింది. పల్లెవాడు ఎక్కిన కుర్చీ అని ఆ సాయంత్రానికల్లా ఇంటింటికీ తెలిసింది. కొట్టు ముందు నుంచి నడిచేవాళ్ళు అటు చూడటం కూడా మానేశారు. రెండు రోజుల తర్వాత బావ మమ్మల్ని వెతుక్కుంటూ కల్వర్టు దగ్గరికి వచ్చాడు. ప్యాంట్ల మూలంగా మేం కూర్చోకుండా అక్కడ వరసగా ఆనుకుని నిలబడి ఉన్నాం.

"ఏం అబ్బాయిలూ. ఊరిని మార్చేది మీరే గదా. మీ నాయనలు రారు సరే, మీరొచ్చి కూర్చోండి నా కుర్చీలో."

మా తరఫున నేనే నోరు విప్పాను.

"మేం జుట్టు కత్తిరించుకోం బావా. అది మా సిద్ధాంతం."

బావ కాసేపు నా జుట్టు వైపు, పనివాడు పని వైపు చూసినట్టు చూశాడు.

"అట్టయితే నా కత్తెరకి మీ నాయనల కంటే మీరే పెద్ద శత్రువులు," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు బస్సులో మాస్టారి అబ్బాయి కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదిలాక, "మెడకి గాలి బాగా తగుల్తందిరా," అన్నాడు. ఇంకొంత దూరం పోయాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పాడు.

"నువ్వు జుట్టు పెంచితే మీ నాయన తిడతాడు. తిట్టి, రాత్రికి అన్నం పెడతాడు. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చో. అప్పుడు ఏం చేస్తాడో చూద్దాం."

నాకు కోపం వచ్చింది. అది వాడి మీద కాదని తెలియడానికి సాయంత్రం దాకా క్లాసులన్నీ పట్టాయి. ఆ రోజు ఏ మాస్టారు ఏం చెప్పారో నాకు ఒక్క ముక్క గుర్తు లేదు. మా జుట్టు చూసి ఊరు నవ్వుకుంది, తిట్టుకుంది, పేరు పెట్టింది. ఊరికి మా జుట్టు వల్ల పోయిందేమీ లేదు. ఇంకో ఏడాది పెంచినా పోయేదేమీ లేదు. ఆ సంగతి మాకంటే ముందు బావకి అర్థమైంది. సాయంత్రం మిగతా ముగ్గురినీ కలిసి, ఆదివారం పొద్దున కుర్చీ ఎక్కుతున్నాం అని చెప్పాను. ఒకడు, "అంతా తియ్యాలా, చివర్లు సరిచేయిస్తే చాలదా?" అన్నాడు. వాడిప్పుడు లాయరు.

ఆదివారం పొద్దున సోడా కొట్టు అరుగు నిండా జనం. మేం వెళ్ళేసరికి మాస్టారి అబ్బాయి కుర్చీలో ఉన్నాడు. జుట్టు ముందే పోయింది కాబట్టి గెడ్డం చేయించుకోవడానికి వచ్చాడు. చర్చికి వెళ్ళే ముందు. వాడు మొహం తుడుచుకుని లేచాడు. నేను వెళ్ళి కూర్చున్నాను. సీటు ఇంకా వెచ్చగా ఉంది.

బావ వాడి మెడకు కట్టిన గుడ్డ విప్పి పక్కన పడేసి, మేకుకు తగిలించి ఉన్న ఇంకో గుడ్డ అందుకున్నాడు. తెల్లగా ఉతికిన గుడ్డ. ఊరివాళ్ళు ఎప్పుడైనా మనసు మార్చుకుని వస్తే వాళ్ళ కోసమని వేరుగా ఉంచుకున్నాడని అప్పుడర్థమైంది. కుర్చీ ఒకటే గానీ గుడ్డలు రెండు. "ఎవరైనా" అని ఊరంతా చెప్పిన మనిషి కూడా అక్కడిదాకా వచ్చి ఆగాడు.

"అది వద్దు. ఇందాకటిదే వెయ్యి," అన్నాను.

"దాన్నిండా వెంట్రుకలున్నయ్యి."

"దులుపు."

బావ అద్దంలో నా మొహం చూశాడు. వెనకాల అరుగు మీద చుట్టల పొగ కూడా కదలడం మానేసింది. బావ కింద పడేసిన గుడ్డ తీసి, వసారా చివరకు వెళ్ళి, అందరికీ కనపడేలా ఒక్కసారి గట్టిగా దులిపి, తెచ్చి నా మెడకు కట్టాడు. కత్తెర అందుకున్నాడు.

జుట్టు ఒళ్ళో పడుతుంటే, దిగులు పడలేదని అంటే నమ్మకండి. రెండేళ్ళ పెంపకం. అద్దంలో కొత్త మనిషి ఒకడు నెమ్మదిగా బయటపడ్డాడు. వాడి చెవులు చానా పెద్దవి. అవి నావేనని ఒప్పుకోవడానికి కొంత వ్యవధి కావాల్సి వచ్చింది. నా తర్వాత మిగతా ముగ్గురూ కూర్చున్నారు. అదే గుడ్డ, అదే దువ్వెన. లాయరు కాబోయేవాడు కళ్ళు మూసుకుని కూర్చుని, అయిపోయాక కూడా తెరవలేదు.

ఇంటికి వెళ్ళేసరికి కబురు నా కంటే ముందే చేరింది. నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆయన రెండేళ్ళుగా కోరుకున్న తల ఆయన ఎదుట ఉంది. కోరుకున్నట్టే చెవుల పైదాకా ఉంది. సంతోషపడే వీలు మాత్రం లేదు.

"లోపలికి రామాక. బావి కాడ నీళ్ళు పోసుకొని రా."

"పొద్దున్నే పోసుకున్నా నాయనా."

"మళ్ళీ పోసుకో."

"ఎందుకు?"

"ఎందుకో నీకు తెల్దా?"

"వెంట్రుకలు గుచ్చుకుంటయ్యని అయితే పోసుకుంటా. ఇంకెందుకయినా అయితే పోసుకోను."

నిజం చెప్పాలంటే వెంట్రుకలు నరకయాతనగా గుచ్చుకుంటున్నాయి. మెడ వెనక నుంచి చొక్కా లోపలికి దిగి వీపంతా పాకుతున్నాయి. చరిత్రలో ఎవరెవరో కొరడా దెబ్బలకు ఓర్చుకుని మాట నిలబెట్టుకున్నారని చదివాను. నేను దురదకు ఓర్చుకున్నాను. గొడ్లచావిడిలో స్తంభానికి వీపు రాసుకుంటూ పొద్దంతా గడిపాను. పక్కన గేదె కూడా అదే పని చేస్తోంది. అమ్మ అన్నం పళ్ళెం అక్కడికే తెచ్చి ఇచ్చి, "ఒక్క చెంబు పోసుకుంటే పోయిద్ది గదరా," అంది.

"ఏం పోయిద్దమ్మా?"

అమ్మ నా వైపు, నా మెడ మీద ఎర్రగా లేచిన దద్దుర్ల వైపు చూసి, కొంగుతో వెంట్రుకలు దులిపి వెళ్ళింది. అమ్మ లోపలికి వెళ్ళేటప్పుడు స్నానం చెయ్యలేదు. నాయన చూశాడు. అడగలేదు. మర్నాడు పొద్దున నా మామూలు వేళకు మామూలుగా నీళ్ళు పోసుకుని లోపలికి నడిచాను. నాయన అడ్డం రాలేదు.

బావ దారికి రావాలంటే వాళ్ళ నాన్నను పట్టుకోవాలని పెద్దలు అనుకున్నారు. మంగలి మామను పిలిచి, కొడుకు పల్లెవాళ్ళను ఆపేదాకా నువ్వు కూడా మా ఇళ్ళకు రావద్దు, కల్లాల కాడికి కూడా రావద్దు అని చెప్పారు. చెప్పేటప్పుడు వాళ్ళు ఒక సంగతి మరిచిపోయారు. మేర ఆపితే గెడ్డాలు ఆగవు.

వారం తిరిగేసరికి ఊరి రూపం మారిపోయింది. బొచ్చు పార్టీ నున్నగా తిరుగుతోంది, పెద్దలకు బొచ్చు మొలిచింది. నాయన గెడ్డం తెల్లగా, ముళ్ళకంపలాగా పెరిగింది. ఆయన పేట నుంచి కత్తి కొనుక్కొచ్చి సొంతంగా ప్రయత్నించి, బుగ్గ మీద రెండు చోట్ల కాగితం ముక్కలు అంటించుకుని తిరిగాడు. ఆ తర్వాత పెద్దలు ఒక్కొక్కరు ఏదో పని చెప్పి పేట వెళ్ళి రావడం మొదలుపెట్టారు. వెళ్ళేటప్పుడు గెడ్డాలు ఉండేవి, వచ్చేటప్పుడు ఉండేవి కావు. ఏం పని మీద వెళ్ళారో అడిగి వాళ్ళను ఇబ్బంది పెట్టేవాళ్ళు కాదు ఎవరూ.

ఒక మధ్యాహ్నం కాలేజీ అయ్యాక మాస్టారి అబ్బాయీ నేనూ పేట సెంటరులో నడుస్తుంటే, సెలూన్లో కుర్చీ ఎక్కి ఉన్న మనిషి మెడ ఎక్కడో చూసినట్టనిపించింది. నాయన.

"లోపలికి పోయి నమస్కారం పెడదామా?" అన్నాడు మాస్టారి అబ్బాయి.

వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాం. నాయన మొహం నిండా నురగ. అద్దంలో మమ్మల్ని చూశాడు. కత్తి గొంతు మీద ఉంది కాబట్టి మాట్లాడలేదు. ఆయన లేవగానే మాస్టారి అబ్బాయి వెళ్ళి ఆ కుర్చీలోనే కూర్చుని, "చెవుల కాడ కొంచెం సరిచెయ్యి," అన్నాడు. సెలూను ఆయన ఇద్దరికీ ఒకే చేత్తో పని చేశాడు, ఒకరి తర్వాత ఒకరికి. నాయనా నేనూ బయటికొచ్చి నిలబడ్డాం.

"పేట సంగతి వేరు," అన్నాడు నాయన.

"ఏం వేరు?"

"ఈడ మనమెవరో ఎవరికి తెలుసు?"

"మనకు తెలుసుగా నాయనా."

నాయన తువ్వాలు భుజం మార్చుకుని బస్టాండు వైపు నడిచాడు.

తర్వాత వారం పంచాయితీ ఆఫీసు ముందు కూడారు. మొదట సాయిబును పిలిచి వసారా ఖాళీ చేయించమన్నారు. సాయిబు తాపీగా పైపంచె సర్దుకున్నాడు.

"నా కాడ సైకిలు అద్దెకి తీసుకునేటప్పుడు సీటు మీద నిన్న ఎవరు కూర్చున్నారని మీరెవరైనా అడిగారా? గాలి ఉందా లేదా అని అడుగుతారు, పోతారు. ఇదీ అంతే. నేను చెయ్యించను."

ఆ తర్వాత మంగలి మామను, నీ కొడుక్కి నువ్వు చెప్పరా అన్నారు. ఆయన చివర నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయన చంకలో పొది లేదు. అలవాటు కొద్దీ చెయ్యి మాత్రం పొది పట్టుకున్నట్టే ఒంటికి ఆనించి ఉంది.

"నాతో చెప్పించమాకండయ్యా. ఆ పొది మోసి మోసి నాకు ఈడ కాయ కాసింది. అది ఆడికొద్దు."

ఇక నేను మాట్లాడాలి. లైబ్రరీలో పుస్తకాలు తిరగేసి మంచి ప్రసంగం తయారు చేసుకున్నాను. సమానత్వం, మానవత్వం, ఇంకా త్వంతో ముగిసే మాటలు చాలా ఉన్నాయి అందులో. లేచి గొంతు సవరించుకున్నాను. ఆ సవరింపే నా మొత్తం ప్రసంగమైంది, ఎందుకంటే ఈలోపే బావ ముందుకొచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు. నెమ్మదిగా మాట్లాడాడు.

"నేను ఎవరినీ రావద్దనలా. మీ మీద నాకు కోపం లేదు. మా నాయన మీ ఇళ్ళకొచ్చాడు, ఇప్పుడు మీరు నా కొట్టుకి రండి. ఎవరి తర్వాత కూర్చోవాల అంటారా, ముందొచ్చినోడి తర్వాత. గుంటూరులో అంతే, పేటలో అంతే, ఈడా అంతే. కుర్చీ తీసెయ్యమంటే తీసేస్తా. పొది మాత్రం పట్టను. కూలికి పోతా."

తలకొక మాట లేచింది. తేలిందేమీ లేదు. పెద్దలు కండువాలు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. కుర్చీ అక్కడే ఉంది. కానీ ఉన్నంత మాత్రాన నిలిచినట్టు కాదని మాకు త్వరలోనే తెలిసింది. శనివారం సాయంత్రాలు పల్లె నుంచి జనం బాగా వచ్చేవాళ్ళు, మర్నాడు చర్చికి కదా. సత్తెనపల్లి బస్సు కోసం ఆగిన పొరుగూరివాళ్ళు వచ్చేవాళ్ళు. ఊరి నుంచి మాత్రం మేం నలుగురమే. ఊళ్ళో దాన్ని పల్లె కొట్టు అనడం మొదలుపెట్టారు. ఆ పేరు స్థిరపడితే ఇంకో వాగు తవ్వినట్టే. పల్లెకు ఒక కొట్టు దొరుకుతుంది, బావ మాట పోతుంది. అందుకని కుర్చీలో ఊరి తల ఒకటి రోజూ కనపడాలని మేం వంతులు వేసుకున్నాం. వంతులకు సరిపడా జుట్టు లేదు. ఎంత కత్తిరించినా మర్నాటికి మొలవదు కదా. గెడ్డం చేయించుకుందామంటే మాలో ఇద్దరికి ఇంకా మొలవనే లేదు. ఆ ఇద్దరూ నున్నటి బుగ్గలకు నురగ పూయించుకుని, గంభీరంగా తల వెనక్కి వాల్చి కూర్చునేవాళ్ళు. బావ కత్తి వీపుతో నురగ తీసేవాడు. విప్లవాలకు రక్తం చాలదంటారు, మాకు వెంట్రుకలు చాల్లేదు.

అలా వానలు వెళ్ళాయి. మాచర్లలో మేనత్త కొడుకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికి తెల్లవారి బస్సుకు వెళ్ళాలని నాయన అనుకున్నాడు. మాచర్ల బస్సు పేట మీదుగా పోదు. ముందు రోజు పేట వెళ్ళొద్దామంటే పత్తి తీతకు కూలీలు వచ్చారు, పొలం వదల్లేకపోయాడు. గెడ్డం వారం రోజులది. శుభకార్యానికి గెడ్డంతో పోతే ఇంట్లో ఎవరో పోయినట్టుంటుంది. కాగితం ముక్కలతో పోతే ఇంకా ఘోరం.

ప్రయాణం రోజు పొద్దున్నే నేను బావ కొట్టు బెంచీ మీద ఉన్నాను. ఆ రోజు వంతు నాది. కుర్చీలో మా పొలంలోనే నాగలి పట్టే పల్లె పెద్దాయన ఉన్నాడు. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ ఉంది. ఇస్త్రీ చొక్కా, చంకలో సంచీతో నాయన రోడ్డు దాటి వసారా ముందుకు వచ్చి నిలబడ్డాడు.

పెద్దాయన అద్దంలో ఆయన్ని చూసి, ఉన్నపళంగా లేవబోయాడు. జీవితమంతా నాయన వస్తే లేచిన మనిషి. బావ ఆయన భుజం మీద చెయ్యి వేసి అదిమాడు.

"కదలమాక పెదనాయనా. తెగిద్ది."

సాయిబు సైకిలు చక్రానికి గాలి కొట్టడం ఆపాడు. ఎదురుగా సోడా కొట్టు అరుగు మీద ఎప్పుడూ ఉండేవాళ్ళే ఉన్నారు. నాయన వెనక్కి తిరిగితే బావ మాట అక్కడితో పోయినట్టే. పెద్దాయన సగం గెడ్డంతో లేచిపోయినా పోయినట్టే. నాకు చేయగలిగింది ఒక్కటే కనపడింది: బెంచీ మీద కొంచెం పక్కకు జరిగాను.

నాయన ఆ ఖాళీ వైపు చూశాడు. చెప్పులు విప్పి, వసారా ఎక్కి, వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇంకెంతసేపురా?"

"ఇంకొక చెంపే అయ్యా," అన్నాడు బావ.

"బస్సొచ్చిద్ది." రోడ్డు వైపు ఒకసారి చూసి మళ్ళీ అన్నాడు. "సరేలే, నిదానంగానే కానియ్యి. తొందరలో ఆయన్ని కొయ్యమాక."

బావ రెండో చెంప పూర్తి చేశాడు. నా వరకు అంత పొడుగు చెంప ఇంకొకటి చూడలేదు. పెద్దాయన లేచి, మొహం తుడుచుకుంటూ, ఎటు చూడాలో తెలియక సైకిళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. నాయన సంచీ నా చేతికిచ్చి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. బావ గుడ్డ విప్పి, ఒకసారి దులిపి, నాయన మెడకు కట్టాడు. మేకుకు ఆ రోజు ఇంకో గుడ్డ లేదు. నాయన దాన్ని చూశాడో లేదో నాకు తెలియదు. తల వెనక్కి వాల్చాడు.

సగంలో ఉండగా మాచర్ల బస్సు వచ్చి ఆగింది. కిటికీల నిండా మా ఊరివాళ్ళు, పొరుగూళ్ళవాళ్ళు. డ్రైవరు హారన్ కొట్టాడు. నాయన కుర్చీలోంచే గుడ్డ కింద నుంచి చెయ్యి బయటికి తీసి, పైకెత్తి, ఆగమన్నాడు.